వెనక నిలబడినవాడు

బనగానపల్లె నుంచి యాగంటికి వెళ్లే దారిలో ఒక సాయంత్రం బండి వేడెక్కి ఆగిపోయింది. అది చల్లబడే వరకు చేసే పనేమీ లేక, రోడ్డు పక్కన ఉన్న బడి మైదానం గట్టు మీద కూర్చున్నాను. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. గోల్ స్తంభాలకు బదులు రెండేసి రాళ్లు పెట్టుకున్నారు. మైదానానికి ఒక మూల నాపరాళ్లు దొంతులుగా పేర్చి ఉన్నాయి. బేతంచెర్ల, బనగానపల్లె చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఆ రాళ్లే కదా.

ఆ రాళ్ల మీద ఒక పిల్లవాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. పది, పదకొండేళ్లుంటాయేమో. దెబ్బ తగిలిందేమోనని దగ్గరికి వెళ్లి అడిగాను. దెబ్బేమీ లేదు. జట్టులో పెద్దవాడు వీణ్ని బ్యాక్ నిలబడమన్నాడట, అదీ సంగతి.

‘‘నిలబడితే ఏమి నాయనా? అదీ ఆటే కదా’’ అన్నాను.

వాడు తల ఎత్తి నావైపు చూశాడు. ‘‘వెనకాల నిలబడితే ఎవురు జూస్తారు సార్? గోలు కొట్టినోన్ని ఎత్తుకుంటారు. గోలు పడితే నన్ను తిడ్తారు’’ అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర అప్పటికప్పుడు చెప్పడానికి జవాబు లేదు. ఎందుకంటే వాడు చెప్పింది అబద్ధం కాదు. బండి చల్లబడి నేను బయలుదేరినా ఆ ప్రశ్న మాత్రం నా వెంటే వచ్చింది. ఈ వారం రాస్తున్నది ఆ పిల్లవాడికి నేను ఆనాడు చెప్పలేకపోయిన జవాబే.

వాడి ఫిర్యాదుకు లెక్కలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఆ ఏటి మేటి ఫుట్‌బాల్ ఆటగాడికి ఫ్రాన్స్ పత్రిక ఒకటి 1956 నుంచి బంగారు బంతి పురస్కారం ఇస్తోంది. ఇన్ని దశాబ్దాలలో పురుషుల విభాగంలో ఆ బంతిని ఇంటికి తీసుకెళ్లిన డిఫెండర్లు ముగ్గురంటే ముగ్గురే. జర్మనీకి చెందిన బెకెన్‌బాయర్ 1972లోనూ 1976లోనూ, అదే దేశానికి చెందిన సామర్ 1996లో, ఇటలీ కెప్టెన్ కన్నవారో 2006లో అందుకున్నారు. మిగిలినవన్నీ దాదాపుగా గోల్ కొట్టినవాళ్లకూ, కొట్టించినవాళ్లకూ వెళ్లాయి. మైదానంలో పదకొండు మంది ఉంటే అందులో నలుగురు సాధారణంగా డిఫెండర్లే. పనిలో మూడో వంతుకు పైగా వాళ్లది, పేరులో మాత్రం వాళ్ల వాటా పిసరంత.

అసలు వాళ్లు చేసే పనేమిటి? చూసేవాళ్లకు డిఫెండర్ అంటే నేల మీద జారుతూ వచ్చి ఆఖరి క్షణంలో బంతిని తన్నేసేవాడు. చప్పట్లు కూడా దానికే పడతాయి. కానీ ఆట తెలిసినవాళ్లు వేరే మాట చెబుతారు. ఆఖరి క్షణపు సాహసం చాలాసార్లు అంతకు ముందు జరిగిన పొరపాటుకు చెల్లించే మూల్యం. మంచి డిఫెండర్ బంతి రాకముందే అది వచ్చే చోట నిలబడి ఉంటాడు. అతణ్ని చూసి ఎదుటివాడు అటు బంతి ఇవ్వడమే మానుకుంటాడు. అంటే అతని గొప్ప పని జరిగినట్టు ఎవరికీ కనపడదు. జరగకుండా పోయిన గోల్‌ను ఏ స్కోరు పుస్తకంలో రాస్తారు?

ఇంకొకటి ఉంది. మైదానం మొత్తం కళ్ల ముందు కనపడేది గోల్ కీపరుకూ, అతని ముందున్న డిఫెండర్లకే. ముందు ఆడేవాడికి వెనకనుంచి వచ్చేవాడు కనపడడు. అందుకని డిఫెండర్ నోరు ఊరుకోకూడదు. ‘నీ వెనక మనిషి ఉన్నాడు’, ‘కుడికి జరుగు’, ‘వదిలెయ్, నేను చూసుకుంటా’ అని చెబుతూనే ఉండాలి. ఎదుటివాణ్ని ఆఫ్‌సైడ్‌లో పట్టాలంటే నలుగురు డిఫెండర్లూ ఒకే గీత మీద ఒకే క్షణంలో ముందుకు జరగాలి. ముగ్గురు కదిలి ఒక్కడు ఆగిపోతే ఆ ముగ్గురి శ్రమా వృథా. ఒక కుటుంబం గానీ, ఒక సంఘం గానీ నిలబడేదీ కూలిపోయేదీ ఈ లెక్క ప్రకారమే కదా!

మన తెలుగు నేలకూ ఈ ఆటకూ ఉన్న బంధం చిన్నది కాదు. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ అంటే కోల్‌కతా తర్వాత చెప్పుకునే పేరు హైదరాబాదే. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రహీం జీవితం మీద 2024లో హిందీ సినిమా వచ్చాక గానీ మనలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఆ మెల్బోర్న్ జట్టులో హైదరాబాద్ డిఫెండర్ అజీజుద్దీన్ ఉన్నాడు. నాలుగేళ్ల ముందు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టి 10-1తో చిత్తుగా ఓడించిన నాటి జట్టులోనూ ఆయన ఉన్నాడు. పది గోల్స్ పడిన రోజున డిఫెండర్‌గా ఉండడమంటే ఏమిటో ఆలోచించండి. ఆ అవమానం తర్వాత ఇంట్లో కూర్చుంటే అడిగేవాడు లేడు. అయినా 1956లో మళ్లీ జట్టులో ఉన్నాడు. ఈసారి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీ ఫైనల్‌కు వెళ్లారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో ఎదురైంది మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడిపోయాం. ఆ నాలుగింటిలో ఒకటి మన ఆటగాడి కాలి నుంచే మన గోల్‌లోకి వెళ్లింది.

సొంత గోల్! డిఫెండర్ జీవితంలో ఇంతకన్నా చేదు గుళిక లేదు. అది నాకు తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ వెనక నిలబడి ఆడినవాణ్నే. ఒక కాలేజీ మీద మ్యాచ్, స్కోరు సమం, ఇంకో ఐదు నిమిషాలుంది. పక్కనుంచి వచ్చిన బంతి నా మోకాలికి తగిలి మా గోల్‌లోకే దూరింది. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండిపోయింది. అప్పటిదాకా నేను ఎన్ని బంతులు ఆపానో ఒక్కరికీ గుర్తులేదు. మా మాస్టారు లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, ‘‘బంతి దగ్గర నువ్వున్నావు కాబట్టి నీకు తగిలింది. దూరంగా నిలబడి చూసినోళ్లకు ఎట్లా తగుల్తుంది?’’ అన్నారు. అంతే, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. జీవితంలో తర్వాత నేను చేసిన పెద్ద పొరపాట్లప్పుడు కూడా ఆ ఒక్క మాటే నన్ను నిలబెట్టింది. బాధ్యత దగ్గర నిలబడినవాడికే తప్పులు తగులుతాయి. గట్టు మీద కూర్చున్నవాడి బట్టలకు మట్టి అంటదు.

1962 జకార్తాకు వద్దాం. భారత జట్టు రక్షణకు మూలస్తంభం జర్నైల్ సింగ్ అనే పంజాబీ డిఫెండర్. పోటీల మధ్యలో అతని తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలకు కట్టుతో వెనక నిలబడి గాలిలో వచ్చే బంతులను తలతో ఆపడం ప్రమాదం. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసలోకి పంపాడు. ఆ డిఫెండర్ సెమీ ఫైనల్‌లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్‌లోనూ కొట్టాడు. మరో గోల్ పి.కె. బెనర్జీది. 2-1తో స్వర్ణం మనదైంది. రాజకీయ వివాదం వల్ల స్టేడియంలో ప్రేక్షకులు మన జట్టును గేలి చేస్తూనే ఉన్నారు. మరుసటి ఏడాది 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ తర్వాత పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

అయితే ఒక కాంస్యం వచ్చింది. అది 1970లో బ్యాంకాక్‌లో. జపాన్‌ను 1-0తో ఓడించి తెచ్చుకున్న ఆ పతకం తర్వాత ఇప్పటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో పతకం లేదు. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదీ, డిఫెండర్. పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ పోలీసు జట్టులో ఆడి, పొట్ట చేతపట్టుకుని కోల్‌కతా వెళ్లినవాడు.

మన సీమలో బేల్దారి పనికి వెళ్లే మేస్త్రీలను చూస్తుంటాం. తాపీ, గుండు దారం సంచిలో వేసుకుని బెంగళూరో, చెన్నైయో వెళ్తారు. అక్కడ గోడ కడతారు, గోడ లేచాక ఇంకో ఊరు వెళ్తారు. వాళ్లు కట్టిన ఇంట్లో వాళ్లు ఒక్క రాత్రి కూడా పడుకోరు. వృత్తి ఫుట్‌బాల్‌లో డిఫెండర్ బతుకు కూడా అచ్చం అలాంటిదే. నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, దాని చిరకాల ప్రత్యర్థి మోహన్ బగాన్‌కు ఆడాడు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడాడు. నిన్న ఎవరి గోల్ కాపాడాడో ఇవాళ వాళ్లకే ఎదురు నిలబడాలి. ఎక్కడికి వెళ్లినా కొత్త గోల్ కీపర్ గొంతు గుర్తుపట్టాలి, పక్కన ఆడేవాడు ఎప్పుడు ముందుకు వెళ్తాడో, ఎప్పుడు ఆగుతాడో నేర్చుకోవాలి. కొత్త ఊరి భాషలో ‘జరుగు’, ‘ఆగు’, ‘నాది’ అనే మూడు మాటలైనా మొదటి రోజే పట్టుకోవాలి. ఒప్పందం ముగిశాక మళ్లీ సంచి సర్దుకోవాలి.

1970లో నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం వచ్చింది. కాళ్లలో సత్తువ తగ్గాక శిక్షకుడయ్యాడు. అప్పుడూ తిరుగుడు తప్పలేదు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఏ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. అదే ఏటికి ద్రోణాచార్య పురస్కారం దక్కింది. భారత జాతీయ జట్టుకూ, పొరుగుదేశం బంగ్లాదేశ్ జట్టుకూ శిక్షణ ఇచ్చాడు. క్రమశిక్షణ విషయంలో రాజీ లేనివాడని పేరు. వెనక నిలబడి ఆడినవాడికి అది సహజం. ముందు వరుసలో ఒకడు తప్పు చేస్తే సరిదిద్దడానికి వెనక పదిమంది ఉంటారు. వెనకవాడు తప్పు చేస్తే వెనక వల తప్ప ఏమీ ఉండదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2019లో హైదరాబాద్‌కు ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక జట్టు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 1-1తో సమమై పెనాల్టీలకు వెళ్లి 3-1తో హైదరాబాద్ గెలిచింది. ఆ జట్టు గోడలో ఒక రాయి మణిపూర్‌కు చెందిన చింగ్లెన్‌సనా సింగ్. ఊరు చురాచాంద్‌పూర్. 1996లో పుట్టాడు. షిల్లాంగ్‌లో ఆడాడు, గోవాలో ఆడాడు, 2020లో హైదరాబాద్ వచ్చాడు. 2021లో భారత జట్టు తరఫున తొలిసారి బరిలో దిగాడు. గోల్ కొట్టి పేపర్ల మొదటి పేజీకి ఎక్కిన రకం కాదు. వారం వారం వచ్చి, నిలబడి, తన పని చేసుకుని వెళ్లే రకం.

2023 మే 3న ఏ.ఎఫ్.సి. కప్ అర్హత మ్యాచ్ కోసం హైదరాబాద్ జట్టు కేరళలోని కోజికోడ్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. ఓడిపోయింది. ఓడిన డిఫెండర్ డ్రెస్సింగ్ రూమ్‌కు వచ్చి ఫోన్ తీసి చూస్తే, తీయని కాల్స్, సందేశాలు వరసగా ఉన్నాయి. ఆ రోజే మణిపూర్‌లో హింస చెలరేగింది. తర్వాత అతను పత్రికలవాళ్లకు చెప్పిన సంగతి ఇది. చురాచాంద్‌పూర్‌లో అతని ఇల్లు కాలిపోయింది. ఊరి పిల్లల కోసం అతను కట్టించిన ఫుట్‌బాల్ టర్ఫ్ కూడా కాలిపోయింది. ఇన్నేళ్లు ఊరూరా తిరిగి సంపాదించినదంతా బూడిదైంది. ఇంట్లోవాళ్లు ప్రాణాలతో బయటపడి సహాయ శిబిరం చేరారు.

ఒక్కసారి ఆ గదిలో ఆ మనిషిని ఊహించుకోండి. కాపలా కాయడమే అతని వృత్తి. ఎవరి గోల్ దగ్గర నిలబడమంటే అక్కడ నిలబడి, లోపలికి ఏమీ రానివ్వకుండా చూడడానికే అతనికి జీతమిస్తారు. దేశానికి ఒక కొసన తన వాళ్ల ఇల్లు తగలబడుతున్న రోజున, అతను ఇంకో కొసన వేరేవాళ్ల వాకిలి కాస్తున్నాడు. తన ఇంటి వాకిట మాత్రం అతను లేడు, ఉండే వీలూ లేదు.

దుబాయ్‌కో, కువైట్‌కో వెళ్లి పరాయి పిల్లలను పెంచుతూ సొంత పిల్లలకు జ్వరమొస్తే ఫోన్‌లో ఏడ్చే మన కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల తల్లులకు ఆ బాధ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సరిహద్దులో కాపలా ఉండి, తండ్రి మరణవార్త మూడో రోజున విన్న జవానుకు చెప్పనక్కర్లేదు. రాత్రంతా ఆసుపత్రిలో ఎవరి అమ్మకో సెలైన్ మార్చి, తెల్లవారి ఇంటికొచ్చి తన అమ్మకు మాత్ర వేసే నర్సమ్మకు చెప్పనక్కర్లేదు.

చింగ్లెన్‌సనా ఆట మానలేదు. అదే విశేషం. హైదరాబాద్ జట్టు కూడా ఆ తర్వాత నిలకడగా లేదు. 2023-24లో ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకుంది, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ సీజన్ పట్టికలో జట్టు అట్టడుగున నిలిచింది. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు అది! చింగ్లెన్‌సనా 2024లో బెంగళూరు జట్టుకు వెళ్లాడు. మళ్లీ కొత్త గోల్ కీపర్, కొత్త గొంతు, కొత్త గోడ. ఇల్లు కాలిన మనిషి ఇంకొకరి ఇల్లు కాపలా కాయడానికి మళ్లీ నిలబడ్డాడు.

ఇక్కడ నాకు నెహెమ్యా గ్రంథం గుర్తుకొస్తుంది. పర్షియా రాజుకు పానదాయకుడిగా ఉన్న నెహెమ్యా, కూలిన యెరూషలేము ప్రాకారాన్ని 52 రోజుల్లో తిరిగి కట్టించాడు. ఆ పని ఎలా జరిగిందో మూడో అధ్యాయంలో ఉంది. చదివేవాళ్లు చాలామంది ఆ అధ్యాయాన్ని త్వరగా తిప్పేస్తారు, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ పేర్లే. ఫలానావాడు ఫలానా గుమ్మం బాగుచేశాడు, అతని పక్కన ఫలానావాడు. కంసాలి ఉన్నాడు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు, ఒకాయన కూతుళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడ వాళ్లు కట్టుకున్నారు. అది అర్థం చేసుకోవడం తేలిక. తన ఇంటి ఎదుట గోడ గట్టిగా ఉండాలని ఎవరికుండదు?

కానీ ఆ జాబితాలో తెకోవ అనే ఊరివారు కూడా ఉన్నారు. వాళ్లది యెరూషలేము కాదు. ఆ గోడ వెనక వాళ్ల ఇళ్లు లేవు. వాళ్ల ఊరి పెద్దలు ఈ పనికి మెడ వంచలేదని కూడా అక్కడే రాసి ఉంది. అయినా ఆ సామాన్యులు వచ్చి తమ వంతు కట్టారు. అది పూర్తయ్యాక ఊరికి తిరిగి వెళ్లలేదు, ఇంకో భాగం కూడా కట్టారు. తమది కాని ఊళ్లో, తమది కాని గోడను, రెండు వంతులు! వాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. ఊరి పేరు మాత్రమే మిగిలింది. కానీ అది మిగిలింది. ఎవరూ చూడరనుకున్న పనిని చూసి రాసిపెట్టినవాడొకడు ఉన్నాడు.

మన సంఘాల్లోనే చూడండి. పండగనాడు వేదిక మీద మాట్లాడినవారి పేరు కరపత్రంలో ఉంటుంది. తెల్లవారుజామున వచ్చి చాపలు దులిపిన అవ్వ పేరు ఉండదు. పాట పాడినవారిని మెచ్చుకుంటాం. కరెంటు పోతుందేమోనని జనరేటర్ పక్కనే కూర్చుని, ఒక్క పాట కూడా సరిగా వినని కుర్రాడిని పలకరించం. కరెంటు పోయి, జనరేటర్ పని చెయ్యకపోతే మాత్రం అందరికీ అతని పేరు గుర్తొస్తుంది. ‘గోలు పడితే నన్ను తిడ్తారు’ అని ఆ పిల్లవాడు అన్నది దీని గురించే.

ఇలా అన్నంత మాత్రాన వెనక నిలబడడమే గొప్ప, ముందు ఆడడం తక్కువ అని కాదు. గోల్ కొట్టకుండా ఏ జట్టూ గెలవదు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ లేకుండా మెల్బోర్న్ సెమీ ఫైనల్ లేదు. వెనకవాళ్ల పనికి మెచ్చుకోలు ఉండనక్కర్లేదనీ, జీతం ఇవ్వకపోయినా ఫరవాలేదనీ కూడా కాదు. ‘సేవ’ అనే పెద్ద మాట చెప్పి చిన్నవాళ్ల కూలి ఎగ్గొట్టేవాళ్లు లోకంలో ఉన్నారు. వాళ్లకు ఈ కథ సాకు కాకూడదు. చూసే కళ్లున్నవాళ్లం కాస్త వెనక్కి కూడా చూడాలి. ఇంట్లో, బడిలో, సంఘంలో, ఆఫీసులో మనం కొట్టిన ప్రతి గోల్ వెనకా, మన గోల్‌లో బంతి పడకుండా ఆపిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి ఒక మంచి మాట చెప్పడానికి పైసా ఖర్చు కాదు.

ఇక ఆ వెనక నిలబడినవారికి చెప్పవలసింది కూడా ఒకటుంది. హెల్సింకిలో పది గోల్స్ పడ్డ తర్వాత కూడా అజీజుద్దీన్ మెల్బోర్న్‌కు వెళ్లాడు. కుట్లు పడిన తలతో జర్నైల్ సింగ్ మైదానం వదల్లేదు. ఇల్లు బూడిదైన తర్వాత చింగ్లెన్‌సనా మళ్లీ బూట్లు కట్టుకున్నాడు. వీళ్లెవరూ ఒకే మతంవాళ్లు కాదు, ఒకే భాషవాళ్లు కాదు, ఒకే కాలంవాళ్లు కూడా కాదు. వాళ్లను కలిపింది ఒక్కటే. తమకు అప్పగించిన చోటును వదిలి పోలేదు. ఓడిన మరునాడు కూడా అదే చోట కనపడడం, మనిషికి సాధ్యమయ్యే నమ్మకత్వాలలో చిన్నదేమీ కాదు.

యాగంటి కోనేటిలోకి ఏడాది పొడుగునా నీళ్లు వస్తూనే ఉంటాయి. చూడవచ్చినవాళ్లందరూ నీళ్లు పడే రాతి నంది నోటిని చూసి ఆశ్చర్యపోతారు. ఆ కొండల లోపల ఎక్కడో, ఎవరికీ కనపడకుండా, ఆ నీటిని ఒడిసి పట్టి వదులుతున్న రాళ్ల గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. అవి లేకపోతే ఆ నోటి దగ్గర నీటి చుక్క ఉండదు.

ఆ సాయంత్రం ఇంకొక్క సంగతి జరిగింది. నేను జవాబు చెప్పలేక నిలబడి ఉండగా మైదానంలో ఏదో కేక వినపడింది. ఎదుటి జట్టువాళ్లు బంతి తీసుకుని ఇటే వస్తున్నారు. గోల్ రాళ్ల మధ్య నిలబడిన పిల్లవాడు వీడికన్నా చిన్నవాడు, ఒంటరిగా బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. వీడు నా ముఖం చూశాడు, వాడి ముఖం చూశాడు. నా ఉపదేశం కోసం ఆగలేదు. నాపరాళ్ల మీద నుంచి దూకి, చెప్పుల్లేని కాళ్లతో పరుగెత్తుకుంటూ పోయి ఆ చిన్నవాడి ముందు నిలబడ్డాడు.

బంతి ఆపాడో లేదో దుమ్ములో నాకు కనపడలేదు. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో తెలియదు. కానీ పరుగెత్తుతూ వాడు వేసిన కేక మాత్రం రోడ్డు మీది దాకా వినపడింది.

‘‘భయపడొద్దు రా, నేనుండా!’’